11 పేజీల పేపర్‌కి 78 ఏళ్ల తర్వాత అవార్డు: సి.ఆర్. రావు అసలు ఏం చేశారు?

2023 ఏప్రిల్‌లో సి.ఆర్. రావుకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించగానే మన దగ్గర వచ్చిన వార్తలు చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి. గణాంక శాస్త్రంలో నోబెల్ అన్నారు, 102 ఏళ్ల తెలుగు తేజం అన్నారు, 80 వేల డాలర్ల నగదు అన్నారు, పద్మ అవార్డుల జాబితా ఇచ్చారు. అంతా నిజమే. కానీ ఆ అవార్డు ఏ పనికి ఇచ్చారు అన్న దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర వాక్యంలో తేల్చేశారు. తెలుగువాడు, గొప్పవాడు, అక్కడితో కథ అయిపోయింది. ఆ పని మరీ అర్థం కానంత కష్టమైనదేం కాదు, కాస్త ఓపిక పడితే లెక్కలతో సహా పట్టుకోవచ్చు.

అవార్డు ప్రధానంగా 1945లో వచ్చిన ఒక పేపర్‌కి. కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది, మొత్తం 11 పేజీలు. మరి 78 ఏళ్లు ఎందుకు ఆగారంటే, అసలు ఈ బహుమతే 2016లో పుట్టింది. ఐదు పెద్ద స్టాటిస్టిక్స్ సంస్థలు కలిసి రెండేళ్లకోసారి ఇస్తాయి. 2017లో మొదటిది డేవిడ్ కాక్స్‌కి వెళ్లింది, తర్వాత బ్రాడ్లీ ఎఫ్రాన్, నాన్ లేర్డ్, ఆ తర్వాత రావు. పని పాతదే, బహుమతే కొత్తది. ఆలస్యంగా గుర్తించారని బాధపడటానికి కూడా ఏం లేదు, ఆయనకి భట్నాగర్ అవార్డు 1963లోనే వచ్చింది, రాయల్ సొసైటీ ఫెలోగా 1967లోనే ఎన్నికయ్యారు.

రావు పరిశోధన మొత్తం చదివితే ఒక అలవాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మామూలుగా గణాంక శాస్త్రవేత్త కొత్త పద్ధతి కనిపెట్టి, ఇది పాతదానికంటే మెరుగు అంటాడు. రావు చాలాసార్లు ముందు అడిగిన ప్రశ్న వేరు: ఈ డేటాతో ఎవరైనా సరే, ఎంత తెలివైన పద్ధతి వాడినా సరే, ఎంతవరకు వెళ్లగలరు? ముందు హద్దు గీయడం, ఆ తర్వాత ఆ హద్దు దాకా చేరే దారి ఉందా అని వెతకడం. పద్ధతులు పాతబడతాయి, హద్దులు పాతబడవు. ఆయన పేరు ఇన్నేళ్లు నిలవడానికి సగం కారణం ఇదే.

ఇంతకీ ఆయన ఈ శాస్త్రంలోకి రావడమే ఒక విచిత్రం. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబర్ 10న హూవిన హడగళిలో పుట్టారు, అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. ఇంట్లో ఎనిమిదో సంతానం, అందుకే దేవకి ఎనిమిదో కొడుకు పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టర్ కావడంతో బదిలీల మీద బదిలీలు, చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అలా సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పీజీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాక అక్కడే రిసెర్చ్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తే, దరఖాస్తు ఆలస్యంగా అందిందని తోసిపుచ్చారు. యుద్ధకాలం కదా, సైన్యంలో సర్వే విభాగానికి లెక్కలు తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగమూ రాలేదు. కానీ అక్కడ బస చేసిన చోట, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో (ఐ.ఎస్.ఐ.) శిక్షణకి వచ్చిన ఒకాయన తగిలాడు, ఆయన మాటల్లోనే ఇలాంటి సంస్థ ఒకటుందని తెలిసింది. 1941 జనవరి 1న రావు అందులో చేరిపోయారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో పెట్టిన సంస్థ అది, అప్పటికింకా ప్రెసిడెన్సీ కాలేజీలోనే నడుస్తోంది. అదే సమయంలో కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. మొదలుపెట్టింది, 1943లో రావు అందులో గోల్డ్ మెడల్‌తో బయటికొచ్చారు.

ఆ మరుసటి ఏడాదే, పాతికేళ్లు కూడా నిండకుండానే, అక్కడ పాఠాలు చెబుతున్నారు. ఒకరోజు క్లాసులో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఫలితం ఒకటి వివరించారు. శాంపిల్ చాలా పెద్దదైతే అంచనాలో ఉండే చెదురు కనీసం ఎంత ఉంటుందో చెప్పే ఫలితం అది. క్లాసులో ఉన్న వి.ఎం. దండేకర్, అంటే తర్వాతి రోజుల్లో మన దేశంలో పేదరికాన్ని లెక్కగట్టినవాళ్లలో పెద్ద పేరు తెచ్చుకున్న ఆర్థికవేత్తే, లేచి అడిగాడు: శాంపిల్ పెద్దదైతే సరే, చిన్నదైతే ఇలాంటి హద్దు ఉండదా? రావు దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు క్లాసులో బోర్డు మీద రాసి చూపించారు. ఈ సంగతి ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. దీన్ని మేధావి ఒక్క రాత్రిలో చేసిన అద్భుతంలా చెప్పడం మనకి అలవాటు గానీ, ఇందులో సగం వాటా ప్రశ్నది. చిన్న శాంపిల్ మాటేమిటి అని అడగాలని అప్పటిదాకా చాలామందికి తోచనే లేదు.

ఆ హద్దు ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. ఎన్నికల ముందు ఒక సర్వే అనుకోండి. రాష్ట్రంలో నిజంగా 40 శాతం మంది ఒక పార్టీకి ఓటేస్తారు, కానీ ఆ సంగతి మనకి తెలియదు. ఎలాంటి పక్షపాతం లేకుండా వెయ్యి మందిని లాటరీ తీసినట్టు ఎంచుకుని అడిగాం. రావు హద్దు ప్రకారం అంచనా విస్తృతి, అంటే చెదురుని కొలిచే వేరియెన్స్, 0.4 ఇంటూ 0.6 బై 1000, అంటే 0.00024 కంటే తగ్గదు. దాని వర్గమూలం తీస్తే సుమారు 0.0155. అంటే అటూ ఇటూ 1.55 శాతం చెదురు తప్పదు, రెండింతలు తీసుకుంటే మూడు శాతం పైచిలుకు. సర్వేల అడుగున చిన్న అక్షరాల్లో ప్లస్ ఆర్ మైనస్ మూడు శాతం అని వేస్తారే, దాని మూలం ఇక్కడే ఉంది. ఇంతకంటే తగ్గించే ఫార్ములా ఇంకా కనిపెట్టలేదని కాదు దీని అర్థం, అలాంటి ఫార్ములా ఉండనే ఉండదని. చెదురు సగానికి తగ్గాలంటే వెయ్యి కాదు, నాలుగు వేల మందిని అడగాల్సిందే. ఈ ఉదాహరణలో ఇంకో విశేషం, మామూలు శాతం తీసేస్తే చాలు, ఆ హద్దుని సరిగ్గా అందుకుంటుంది. కాబట్టి అంతకంటే మంచి పద్ధతి కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదని ముందే తెలిసిపోతుంది.

ఒక షరతు ఉంది, దాన్ని మర్చిపోయి చెప్పేవాళ్లు చాలామంది. ఈ హద్దు ఒక పక్కకి ఒరగని అంచనాలకి, అంటే సగటున నిజమైన విలువ దగ్గరే నిలిచే అన్‌బయాస్డ్ అంచనాలకి. కావాలని కాస్త ఒరగనిస్తే మొత్తం పొరపాటు ఇంకా తగ్గొచ్చు. 1961లో జేమ్స్, స్టైన్ అనే ఇద్దరు మూడు లేదా అంతకంటే ఎక్కువ సగటుల్ని ఒకేసారి అంచనా కట్టేటప్పుడు ఇది సాధ్యమేనని చూపించారు, ఇప్పటి మెషిన్ లెర్నింగ్ సగం ఆ ఒరుగు మీదే బతుకుతోంది. రావు హద్దు దాంతో తప్పయిపోలేదు, అది ఎక్కడ వర్తిస్తుందో ఇంకా స్పష్టమైంది అంతే. పుస్తకాల్లో దీని పేరు క్రామర్-రావు హద్దు. స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ కూడా విడిగా ఇదే ఫలితానికి వచ్చి 1946లో తన పుస్తకంలో పెట్టారు. ఫ్రాన్స్‌లో మోరిస్ ఫ్రెషే 1943లోనే దీనికి దగ్గరగా వచ్చారు, డార్మోయి 1945లో. యుద్ధం వల్ల ఒకరి పేపర్ ఇంకొకరికి చేరని కాలం అది. ఎవరు ముందు అని కొట్టుకోవడంలో పెద్ద అర్థం లేదు గానీ, కలకత్తాలో తక్కువ కాపీలు తిరిగే బులెటిన్‌లో వచ్చిన పేపర్ ఆ పేర్ల పక్కన నిలబడిందంటే అందులో సరుకు ఉన్నట్టే.

ఆ 11 పేజీల్లో రెండో ఫలితం ఇంకా పనికొచ్చేది. దానికి రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అని పేరు, డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో అమెరికాలో విడిగా కనుక్కున్నారు. హద్దు ఉందని తెలిసింది సరే, చేతిలో ఒక నాసిరకం అంచనా ఉంటే దాన్ని బాగుచేసేదెలా అంటే, దానికి ఒక యంత్రం లాంటి పద్ధతి ఇది.

ఒక హెల్ప్‌లైన్‌కి గంటకి కొన్ని కాల్స్ వస్తాయి, వాటి లెక్క పాయిసన్ పద్ధతిలో, అంటే ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా ఒకే సగటు జోరుతో వచ్చేలా, ఉంటుందనుకుందాం. ఒక్క కాల్ కూడా రాని గంట ఉండే అవకాశం ఎంత అన్నది కావాలి. 10 గంటలు లెక్కపెట్టాం, మొత్తం 20 కాల్స్ వచ్చాయి. నాసిరకం అంచనా ఏమిటంటే, మొదటి గంట మాత్రమే చూడటం. అందులో కాల్ రాకపోతే జవాబు 1, వస్తే 0. వినడానికి సిల్లీగా ఉంటుంది గానీ సాంకేతికంగా ఇది అన్‌బయాస్డే, వేలసార్లు చేసి సగటు తీస్తే నిజమైన విలువ దగ్గరికే వస్తుంది. ఇప్పుడు రావు చెప్పింది చేద్దాం. ఈ లెక్కకి కావాల్సిన సమాచారమంతా మొత్తం 20 అన్న ఒక్క సంఖ్యలోనే ఉంది, ఏ కాల్ ఏ గంటలో పడిందన్నది కేవలం అదృష్టం. కాబట్టి ఆ 20 కాల్స్‌ని పది గంటల్లోకి యాదృచ్ఛికంగా పంచితే మొదటి గంట ఖాళీగా మిగిలే అవకాశం ఎంతో లెక్కించి, అదే జవాబు అనుకుందాం. ఒక్కో కాల్ మొదటి గంటలో పడకుండా తప్పించుకునే అవకాశం 0.9, ఇరవై కాల్స్‌కి 0.9ని ఇరవైసార్లు గుణిస్తే 0.12 వస్తుంది. సున్నా లేదా ఒకటి అని మాత్రమే చెప్పగలిగే పిచ్చి అంచనా కాస్తా 12 శాతం అనే తెలివైన అంచనాగా మారింది. గంటకి సగటు నిజంగా రెండు కాల్సే అయితే అసలు జవాబు 13.5 శాతం, దగ్గరగానే ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టినా ఈ పని చేశాక అంచనా మెరుగవుతుంది గానీ పాడవదు, అది గ్యారంటీ. అదృష్టం తెచ్చిన గందరగోళాన్ని సగటు తీసి పారేయడమే ఇందులో కిటుకు. దీన్ని ఇప్పుడు క్రియాపదంగా కూడా వాడేస్తున్నారు, రావు-బ్లాక్‌వెలైజ్ చేయడం అని. కంప్యూటర్‌తో లక్షల నమూనాలు తీసే పద్ధతుల్లో, రోబో తనెక్కడుందో తెలుసుకుంటూ గది మ్యాప్ గీసుకునే ప్రోగ్రాముల్లో ఇది ఉంది.

మూడోది అప్పట్లో ఎవరూ పట్టించుకోనిది, ఇప్పుడు బహుశా అందరికంటే ఎక్కువ సందడి చేస్తున్నది. రెండు సంభావ్యతా నమూనాల మధ్య దూరం ఎంత? నాణెం బొమ్మ పడే అవకాశం 0.50 నుంచి 0.51కి మారితే తేడా 0.01. 0.01 నుంచి 0.02కి మారినా తేడా అంతే. కానీ మొదటి జంటని విడదీసి గుర్తుపట్టాలంటే వేలసార్లు ఎగరేయాలి, రెండో జంటలో ఒకటి ఇంకోదానికి రెట్టింపు, చాలా త్వరగా బయటపడుతుంది. అంటే మామూలు తీసివేత ఇక్కడ సరైన కొలత కాదు. ఫిషర్ చెప్పిన సమాచారం అనే రాశినే, అంటే తెలియని విలువ గురించి డేటా ఎంత చెప్పగలదో కొలిచేదాన్నే, కొలబద్దగా వాడి దూరం కొలవాలన్నారు రావు. ఆ కొలతలో మొదటి దూరం సుమారు 0.02 వస్తే రెండోది 0.083 వస్తుంది, నాలుగు రెట్లకు పైగా. ఇలా కొలిస్తే సంభావ్యతలు ఉండే చోటు చదునుగా కాకుండా వంపులు తిరిగిన తలంలా కనిపిస్తుంది, ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణకి వాడిన రీమాన్ జ్యామితే ఇక్కడా పనికొస్తుంది. 1980ల్లో జపాన్‌లో షునిచి అమరి దీన్ని ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే ఒక శాఖగా నిలబెట్టారు. న్యూరల్ నెట్‌వర్క్‌లకి శిక్షణ ఇచ్చే నేచురల్ గ్రేడియంట్ పద్ధతి ఆయన 1998లో ఇచ్చిందే, దాని పునాది ఈ దూరమే.

ఈ దూరం ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. మహలనోబిస్‌కి మనుషుల కొలతల పిచ్చి. వేర్వేరు సమూహాల ఎత్తు, తల వెడల్పు, ముక్కు పొడవు లాంటివి కలిపి చూసి ఏ రెండు సమూహాలు దగ్గర, ఏవి దూరం అని తేల్చే కొలత ఒకటి 1936లోనే ఇచ్చారు. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) 1941లో జరిగిన అలాంటి సర్వే లెక్కలన్నీ రావు చేతి మీదుగా వెళ్లాయి, మానవ శాస్త్రవేత్త మజుందార్, మహలనోబిస్‌లతో కలిసి 1949లో ఆ రిపోర్టు అచ్చేశారు. చేత్తో తిప్పే లెక్కల మిషన్లతో ఆ కొలతల్ని గుణించీ భాగించీ విసిగిపోయిన మనిషికి దూరం అంటే అసలేమిటి అన్న ప్రశ్న రావడం సహజం. రావుని శుద్ధ సిద్ధాంతవేత్తగా చూపించే వ్యాసాలు ఈ ముక్క వదిలేస్తాయి. ఐ.ఎస్.ఐ. ఆ రోజుల్లో పంటల సర్వేలు, జనపనార దిగుబడి అంచనాలు చేసే చోటు, అక్కడ సిద్ధాంతం పని మధ్యలోంచి పుట్టింది.

1947లో వచ్చిన ఆర్థోగనల్ అరేలు కూడా అలాంటివే. ఒక ప్రయోగంలో ఏడు అంశాలు మార్చి చూడాలి, ఒక్కోదానికి రెండు స్థాయులు. అన్ని కలయికలూ చేస్తే 128 ప్రయోగాలు. రావు చెప్పిన అమరికలో ఎనిమిదే సరిపోతాయి. ఆ ఎనిమిదింట్లో ఏ రెండు అంశాల్ని తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ సరిగ్గా రెండేసిసార్లు వస్తాయి, అందువల్ల ఒకదాని ప్రభావం ఇంకోదాంతో కలగాపులగం కాకుండా విడిగా కనిపిస్తుంది. రెండేసి అంశాలు కలిసి చూపించే ప్రభావం కూడా బలంగా ఉంటే మాత్రం ఎనిమిది చాలవు, ఆ ధర కట్టాల్సిందే. మళ్లీ ఆయన అలవాటు ప్రకారం ఇక్కడా హద్దు ఉంది: ఇలాంటి అమరికలో ఏడు అంశాలకి ఎనిమిది కంటే తక్కువ కుదరనే కుదరదని రావు అసమానత చెబుతుంది. జపాన్ ఇంజినీర్ గెనిచి తగుచి 1954-55లో ఐ.ఎస్.ఐ.కి వచ్చి వెళ్లారు, తర్వాత ఆయన పేరుతో ఫ్యాక్టరీల్లో పాపులర్ అయిన నాణ్యతా పద్ధతుల గుండెకాయ ఈ అరేలే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో తగుచి పద్ధతి మీద ఏటా బోలెడు ప్రాజెక్టులు చేస్తారు, ఎల్8, ఎల్16 అని పట్టికలు దించుతారు, వాటి వెనక రావు ఉన్నారని చెప్పే గైడ్ దొరకడం మాత్రం తక్కువే.

1946లో కేంబ్రిడ్జ్ వెళ్లడానికి కారణం కూడా ఎముకలే. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో బయటపడ్డ పురాతన అస్థిపంజరాల్ని కొలిచి, ఆ మనుషులు ఏ సమూహానికి దగ్గరో తేల్చాలి. మహలనోబిస్ పద్ధతి తెలిసినవాళ్లు కావాలని కేంబ్రిడ్జ్ మ్యూజియం వాళ్లు అడిగితే రావుని పంపించారు. పగలు మ్యూజియంలో ఉద్యోగం, పక్కనే ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. ఫిషర్ అప్పుడు జెనెటిక్స్ ప్రొఫెసర్, ఆయన ల్యాబ్‌లో ఎలుకల సంకరణ పని కూడా రావు చేశారు. 1948లో డాక్టరేట్ వచ్చింది. అదే ఏడాది రెండు పేపర్లు. ఒకటి, దొరికిన కొలతల్ని బట్టి ఒక జీవిని చాలా సమూహాల్లో దేనిలో పెట్టాలో చెప్పేది, ఫిషర్ రెండు సమూహాలకి చేసినదాన్ని ఎన్నిటికైనా విస్తరించింది. రెండోది స్కోర్ టెస్ట్.

స్కోర్ టెస్ట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. డేటాకి ఏ విలువ ఎంత బాగా నప్పుతుందో కొండలా ఊహించుకుంటే, శిఖరం దగ్గర ఉన్న విలువే డేటాకి బాగా నప్పేది. మన పరికల్పన, అంటే మనం పరీక్షించాలనుకున్న ఊహ, కొండ మీద ఎక్కడో ఒక చోటు. అది నిజమా కాదా తేల్చడానికి అప్పటికి రెండు దారులున్నాయి. నేమన్, పియర్సన్ పద్ధతిలో శిఖరం ఎత్తు, మనమున్న చోటు ఎత్తు పోల్చాలి. వాల్డ్ 1943లో చెప్పిన పద్ధతిలో శిఖరానికి వెళ్లి అక్కడి నుంచి మనమున్న చోటు ఎంత దూరమో చూడాలి. రెండింటికీ శిఖరం ఎక్కక తప్పదు. రావు అన్నది, శిఖరం ఎక్కడుందో తెలియక్కర్లేదు, నిలబడ్డ చోట నేల ఎంత ఏటవాలుగా ఉందో చూడండి చాలు. దాదాపు చదునుగా ఉంటే మనం శిఖరం దగ్గర్లోనే ఉన్నట్టు, బాగా వాలుగా ఉంటే పరికల్పన తప్పు. 1948లో శిఖరం ఎక్కడమంటే చేత్తో రోజుల తరబడి లెక్కలు, కాబట్టి ఇది గొప్ప పొదుపు. కంప్యూటర్లు వచ్చాక ఈ పొదుపుతో పని ఉండదనే ఎవరైనా అనుకుంటారు. జరిగింది తిరగేసి. ఇప్పుడు ఒక వ్యాధికి కారణమైన జన్యువుల కోసం లక్షల మంది జన్యు సమాచారంలో కోట్ల తేడాల్ని ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నారు. ప్రతి తేడాకీ ఒక శిఖరం ఎక్కాలంటే ఎంత పెద్ద కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది. స్కోర్ టెస్ట్‌లో మూల నమూనా ఒక్కసారి బిగించుకుంటే చాలు, ఆ చోటు నుంచే అన్నిటి వాలూ చూసుకోవచ్చు. కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కై-స్క్వేర్ పరీక్ష కూడా నిజానికి ఇందులో ఒక ప్రత్యేక సందర్భమే. ఆర్థిక డేటా మీద గణాంకాలు చేసే ఎకనామెట్రిక్స్ వాళ్లు దీన్నే లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అంటారు, అందువల్ల ఎం.ఏ. ఎకనామిక్స్ పిల్లలు రావు పేరు వినకుండానే రావు టెస్ట్ వాడేస్తుంటారు.

లెక్క చూసుకుంటే 1945 నుంచి 1948 వరకు, 24 నుంచి 28 ఏళ్ల వయసు మధ్య, ఆయన పేరుతో చలామణీ అయ్యే ఫలితాల్లో చాలా భాగం వచ్చేసింది. మిగతా జీవితం ఏం చేశారు మరి? చాలా చేశారు గానీ, అది వేరే రకం పని. 1948లో తిరిగొచ్చి ఐ.ఎస్.ఐ.లో పరిశోధన, శిక్షణ విభాగాన్ని నడిపారు, 1972లో మహలనోబిస్ పోయాక సంస్థ బాధ్యతే మీద పడింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో దేబబ్రత బసు ఉన్నారు, వి.ఎస్. వరదరాజన్, కె.ఆర్. పార్థసారథి, ఎస్.ఆర్.ఎస్. వరదన్ ఉన్నారు. వరదన్‌కి 2007లో గణితంలో అతిపెద్ద బహుమతుల్లో ఒకటైన ఏబెల్ బహుమతి వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే వీళ్లలో చివరి ముగ్గురు కుర్రాళ్లు పట్టుకున్న విషయం, గ్రూపులనే బీజగణిత నిర్మాణాల మీద సంభావ్యత, రావు సొంత రంగం కాదు. వాళ్లలో వాళ్లే సెమినార్లు పెట్టుకుని నేర్చుకున్నారు. గైడ్ తను చేసే పనిలోనే ఒక ముక్క విరిచి విద్యార్థి చేతిలో పెట్టడం మన విశ్వవిద్యాలయాల్లో మామూలు, అలా చేయకపోవడం వల్లే వరదన్ లాంటివాళ్లు తమ దారి తాము వెతుక్కోగలిగారు. 1962లో సోవియట్ గణిత శాస్త్రవేత్త కోల్మొగొరోవ్ కలకత్తా వచ్చినప్పుడు వరదన్ పని చూశారు, ఆ థీసిస్‌కి పరీక్షకుల్లో ఒకరు కూడా ఆయనే.

ఆ దశాబ్దాల్లో రావు సొంత పరిశోధన ఎక్కువగా లీనియర్ మోడల్స్ చుట్టూ తిరిగింది. మాత్రికకి, అంటే సంఖ్యల పట్టికకి, విలోమం (దాన్ని తిరగేసి సమీకరణాలు సాధించే మాత్రిక) లేని సందర్భాలు డేటాలో తరచూ ఎదురవుతాయి, అప్పుడు మామూలు ఫార్ములా ఆగిపోతుంది. విలోమం లేకపోయినా దాని పని చేసిపెట్టే మాత్రికని 1955లో ఒక లెక్కలో వాడి, 1962లో సిద్ధాంతంగా రాసి, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో దాని మీద పూర్తి పుస్తకం తెచ్చారు. ఇది నిలబడింది. 1970 ప్రాంతంలో విస్తృతిని భాగాలుగా విడగొట్టడానికి ఇచ్చిన మిన్‌క్యూ పద్ధతి అంతగా నిలవలేదు, దాన్ని పదేపదే తిప్పితే వచ్చే జవాబునే ఇచ్చే రెమెల్ అనే పద్ధతి వచ్చి దాని చోటు తీసుకుంది. అభిమానులు రాసే వ్యాసాల్లో అన్నిటినీ ఒకే గాటన కట్టి అద్భుతం అనేస్తారు. 1945 పేపర్‌నీ మిన్‌క్యూనీ ఒకే తక్కెడలో తూచడం మొదటిదానికే అన్యాయం.

1979లో అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో, 1988 నుంచి పెన్‌స్టేట్‌లో పనిచేశారు. మనవాళ్లు చాలామంది రిటైరై మనవలతో ఆడుకునే వయసులో అక్కడ కొత్తగా మల్టీవేరియెట్ అనాలిసిస్ కేంద్రం నడిపారు. పద్మవిభూషణ్ 2001లో, అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ దాదాపు అదే సమయంలో, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ గై గోల్డ్ మెడల్ 2011లో వచ్చాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ సంస్థ ఒకటి ఉంది. 2023 ఆగస్టు 22న, అవార్డు అందిన కొన్ని వారాలకే, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో కన్నుమూశారు.

అమెరికా వెళ్లాక చేసిన పనుల్లో ఇప్పుడు బాగా వాడకంలో ఉన్నది 1982లో ఇచ్చిన క్వాడ్రాటిక్ ఎంట్రపీ, వైవిధ్యాన్ని కొలిచే సూచిక. రెండు చెరువులున్నాయి, ఒక్కోదాంట్లో రెండేసి జాతులు సగం సగం. మొదటి చెరువులో ఆ రెండూ దగ్గరి చుట్టాలైన చేపలు, రెండో దాంట్లో ఒక చేప, ఒక కప్ప. పాత సూచికలు జాతుల వాటాలు మాత్రమే చూస్తాయి కాబట్టి రెండు చెరువులకీ ఒకే మార్కు వేస్తాయి. రావు సూచిక జాతుల మధ్య దూరాన్ని కూడా లెక్కలో కలుపుతుంది. చేపల మధ్య దూరం 0.1, చేపకీ కప్పకీ మధ్య 0.9 అనుకుంటే మొదటి చెరువుకి 0.05, రెండోదానికి 0.45 వస్తుంది. యాదృచ్ఛికంగా రెండు జీవుల్ని పట్టుకుంటే అవి సగటున ఎంత వేరుగా ఉంటాయన్నదే ఆ సంఖ్య. పర్యావరణ శాస్త్రవేత్తలు దీన్ని 2000ల తర్వాత గట్టిగా అందుకున్నారు, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో దీని పేరు రావ్ క్యూ. జాతుల మధ్య ఆ దూరాన్ని ఎలా కొలవాలన్నది మాత్రం రావు వాళ్లకే వదిలేశారు, ఆకుల వెడల్పు చూడాలా, శరీర బరువు చూడాలా, వంశవృక్షంలో ఎప్పుడు విడిపోయాయో చూడాలా అని వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.